పదమూడు మొసలి పిల్లలు

నాకు కోపం ఎక్కువని మా వాడంతా అంటారు. అననీయండి. ఎర్రవాగు మడుగు దగ్గర నాలాగ ఒక్క ఏడాది కాపలా కాసి, ఆ తర్వాత కూడా నవ్వుతూ తిరిగే మనిషి ఎవడైనా ఉంటే తీసుకురండి, వాడి కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటాను.

నా పేరు పౌలు. మంథనికి అవతల ఎర్రవాగు గోదావరిలో కలిసే చోట మొసళ్ళకు కాపలా కాయడం నా పని. అటవీశాఖ వాళ్ళు రోజుకూలి మీద పెట్టుకుని ఒక ఖాకీ చొక్కా ఇచ్చారు. ఎనభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఒక తల్లి మొసలి అక్కడి ఇసుకలో గుడ్లు పెట్టింది. నక్కలు తవ్వకుండా చుట్టూ ముళ్ళకంప వేసి రెండు నెలలు కాశాను. జూన్‌లో పందొమ్మిది పిల్లలు బయటికొచ్చాయి. ఒక్కొక్కటి జానెడు. తల్లి వాటిని నోట పట్టుకుని మడుగులోకి తీసుకుపోతుంటే కళ్ళారా చూశాను. దేశంలోనే ఈ జాతి కరువైపోతోందనీ, వీటిలో సగం బతికినా గొప్పేననీ మా రేంజరు అన్నాడు. సగమెందుకు, అన్నీ బతకాలనుకున్నాను నేను. పొద్దునా సాయంత్రం లెక్కపెట్టేవాణ్ణి. "ఇంట్ల ముగ్గురున్నరు, వాళ్ళను ఏనాడన్న గిట్ల లెక్కవెట్టినవా?" అని నా భార్య మగ్దలేనమ్మ ఎత్తిపొడిచేది.

మడుగు పైన గట్టు మీదంతా జలపతిరావు దొర పత్తిచేను. ఆ ఏడు పత్తికి పురుగు పట్టింది. రోజుకు కొంత చేను చొప్పున మందు కొట్టడం మొదలుపెట్టారు. అప్పుడే పైనుంచి ఆర్డరు వచ్చింది, వాగుకు రెండు పక్కలా వంద గజాల లోపల పురుగుల మందు కొట్టరాదని. నేనే తాడు పట్టి కొలిచాను. వెదురు కట్టెలు పాతి ఎర్ర గుడ్డలు కట్టాను. దొర కొట్లాడతాడనుకుంటే, "సర్కారు మాట కాదంటమా పౌలూ? ఆ వంద గజాలు పురుగు తింటె తిననియ్యి" అన్నాడు. ఉన్నమాట చెప్పాలి. ఆయన కూలీలు ఆ కట్టెలు దాటి ఒక్క సాలుకు కూడా మందు కొట్టలేదు.

అయినా సెప్టెంబరులో ఒక పొద్దున పోయి చూస్తే ఆరు పిల్లలు వెల్లకిలా తేలి ఉన్నాయి. వాటి పక్కన చేపలు, కప్పలు. ఒంటికి కారం రాసుకున్నట్టయింది నాకు. కట్టెల వెంబడి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరిగాను. ఎవడూ దాటిన జాడ లేదు. మరి మందు ఎక్కడిది? ఆకాశం నుంచి కురిసిందా?

ఆ సాయంత్రం తుమ్మచెట్టు చాటున కూర్చుని కాపు కాశాను. పొద్దు వాలుతుంటే మందు కొట్టే వాళ్ళు వీపుల మీది పంపులు దించుకున్నారు. ఎనిమిది పంపులు. వాటిని మోసుకుని వాగులోకి దిగింది ఎవరనుకున్నారు? నా భార్యే. చేలో మందు కలపడానికి నీళ్ళు మోసేదీ, పనయ్యాక పంపులు కడిగేదీ ఆమే. ఒక్కో పంపూ బోర్లించి తొలుస్తుంటే తెల్లటి నీళ్ళు మడుగు దిక్కు పోతున్నాయి.

"ఏందే గిది? నీకు బుద్ధున్నదా?" అని అరిచాను.

ఆమె జంకలేదు. "కొట్టద్దన్నరు గని కడగద్దన్నరా? ఏ కాయిదంల రాసున్నది?"

"విషమే అది! పిల్లలు సచ్చినయి!"

"పారే నీళ్ళయ్య ఇవి. పారే నీళ్ళకు అంటు ఏంది? మా అవ్వ, మీ అవ్వ అందరు గిదే మాట చెప్పలేదా? అయినా యాడ కడగాలె, నీ నెత్తి మీదనా? మందు కలపనీకె పొద్దంత బిందెలు మోసి నడుమిరిగింది, కడగనీకె గూడ గట్టెక్కియ్యాల్నా? బావి కాడ కడగనిస్తరా మనను?"

చేను మధ్యన దొర బావి ఉంది, నిండుగా నీళ్ళున్నాయి. కానీ ఆ బావి గిరక మా వాడ వాళ్ళు ముట్టకూడదు. మా తాత కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నాం, ఆదివారం చర్చికి పోతాం. బావి దగ్గర మాత్రం అదేమీ చెల్లదు. దాహమైతే దొర జీతగాడు లక్ష్మీరాజం బొక్కెనతో తోడి పైనుంచి పోస్తాడు, మేం దోసిలి పడతాం. మాకు మనిషి సాయం లేకుండా దొరికే నీళ్ళు వాగు నీళ్ళే. సర్కారు వంద గజాలు కొలిపించింది గానీ, కడిగే నీళ్ళు ఎక్కడివని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు, నా మొహం మండ!

మర్నాడు దొర దగ్గరికి పోయాను. "దొరా, జర మోటర్ నడిపియ్యిండ్రి. పైపు కాడ రెండు కాగుల నీళ్ళు పట్టుకుంటే పంపులు చేన్లనే కడుగుతరు."

"వానకాలం మోటరెవడు నడుపుతడు పౌలూ? చేన్ల నీళ్ళు నిలుస్తె పత్తికాయ రాలిపోతది."

"అట్లయితె గిరకతోని మేమే తోడుకుంటం."

దొర నవ్వాడు. మంచి మనిషే, కసురుకోడు. "నాదేమున్నది? ఇంట్ల మా అమ్మ ఆ నీళ్ళతోనే మడి కట్టుకుంటది. నువ్వు బావికి జర దూరంల గుంట తవ్వుకో. లక్ష్మీరాజం తోడి పోస్తడు."

ఒక్కరోజులో నడుములోతు గుంట తవ్వాను. నల్లరేగడి కదా, నీరు ఇంకదు. మూడు పూటలు లక్ష్మీరాజం తోడి పోశాడు, మగ్దలేనమ్మ గుంట ఒడ్డున పంపులు కడిగింది. విషమంతా గుంటలోనే నిలిచింది. మడుగులో పిల్లలు పదమూడు. మూడు రోజులూ పదమూడే. నా అంత పోటుగాడు లేడనుకుని మీసం దువ్వుకున్నాను.

నాలుగోనాడు సాయంత్రం లక్ష్మీరాజం చేతులు దులిపేసుకున్నాడు. "నేను దొరకు జీతం ఉన్న గని మీకు కాదు. మీ పంపులకు నీళ్ళు పోసుకుంట కూసుంటె, ఊళ్ళె నన్ను జూసి నవ్వుతుండ్రు" అని ఇంటికి పోయాడు. దొర ధర్మపురి పోయి ఉన్నాడు. ఎనిమిది పంపులూ గట్టు మీద ఉన్నాయి. మందు అంటిన చేతులు మంటెత్తుతుంటే కూలీలు ఎంతసేపని ఆగుతారు? "ఇగ వాగుకే పోదాం" అని పంపులు ఎత్తుకున్నారు.

"ఆగుండ్రి!" అన్నాను. పోయి బావి గిరక పట్టుకున్నాను.

మగ్దలేనమ్మ చేయి పట్టి లాగింది. "వద్దు మామా. పీకల మీదికొస్తది."

"రానియ్యి. ఎంతసేపు వాని బొక్కెన దిక్కు జూసుకుంట దోసిలి పడుతం?" అని తోడాను. ముప్పై బొక్కెనలు తోడాను. ఎవరూ అడ్డం రాలేదు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

తెల్లారి మడుగు దగ్గర పిల్లల్ని లెక్కపెడుతున్నాను. పదమూడూ ఉన్నాయి. పైన మోటరు చప్పుడు వినిపించింది. దొరకు బుద్ధొచ్చింది, మా కోసమే నడిపిస్తున్నాడనుకున్నాను. ఎంత పిచ్చివాణ్ణి! కాసేపటికి గట్టు మీద నుంచి కొత్తగా ఒక పాయ వచ్చి మడుగులో పడసాగింది. తెల్లటి నీళ్ళు. ఆ వాసన నాకు తెలుసు.

పైకి ఉరికాను. బావి నీళ్ళు పైపు నిండా దూకుతున్నాయి. పత్తిలో నిలవకుండా వాగు దిక్కు పొడుగ్గా కాలువ తీశారు. ఆ కాలువ నేను తవ్విన గుంట మీదుగా పోతోంది. గుంట నిండి పొర్లుతోంది. నాలుగు పూటల కడుగు నీళ్ళు, ముప్పై రెండు పంపుల విషం, ఒక్కసారి మడుగులోకి పోతోంది.

"బందువెట్టు! లక్ష్మీరాజం, బందువెట్టు!"

"నాకేమెరుక? రాత్రి దొరచ్చిండు. నువ్వు గిరక ముట్టినవని దొర వాళ్ళమ్మ అన్నం తింటలేదు. బావి శుద్ధి కావాలెనంట. అడుగు కనవడేదాక తోడమన్నడు."

రెండు కాగుల నీళ్ళకు నడవని మోటరు, నేను ముట్టిన నీళ్ళు పారబోయడానికి నడిచింది. ఫ్యూజు పీకి చేలోకి విసిరాను. పైపు ఆగింది. గుంట పొర్లడం మాత్రం వెంటనే ఆగలేదు. చేతులతో మట్టి తోడి కట్ట వేశాను, కాళ్ళతో తొక్కాను, నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరిని తిట్టానో నాకే తెలియదు. దొరనా, ఆ ముసలమ్మనా, ఆర్డరు రాసినవాణ్ణా, నన్నా?

తిరిగి వచ్చేసరికి మగ్దలేనమ్మ నడుములోతు మడుగులో ఉంది. తేలుతున్న పిల్లల్ని ఏరి చీర కొంగులో వేసుకుంటోంది. "తొమ్మిది వోయినయి, నాలుగు కొట్టుకుంటున్నయి. గోదారిల ఇడుద్దాం, నడువు" అని ఏడుస్తూ గట్టెక్కింది. కొంగులో ఒక పిల్ల సన్నగా కూసింది. ఆ కూత విని తల్లి మొసలి నీళ్ళు చీల్చుకుంటూ మా మీదికి వచ్చింది. నోరు తెరిచి గట్టు దగ్గర ఆగింది.

పిల్లల్ని దానికిస్తే అదే నీళ్ళలోకి తీసుకుపోతుంది. ఇవ్వకపోతే మమ్మల్ని కదలనీయదు. "రాకే తల్లీ, ఆ నీళ్ళు ముట్టకు, నీ పిల్లల్ని మేం సంపలే" అని బతిమాలింది మగ్దలేనమ్మ. నేను కూడా అదే మాట అనబోయాను. నేను తవ్విన గుంట మట్టి ఇంకా నా గోళ్ళలో ఉంది.