ఆడపిల్లల కుప్పలో చీటీ

ఉప్పెన వచ్చిన మూడో రోజున, తప్పిపోయిన పిల్లలను రేపల్లె బడిలో ఉంచారని విని వెళ్లాను. మాస్టారు పిల్లల చీటీలను ఆడ, మగ అని రెండు కుప్పలు చేసి లెక్కపెడుతున్నారు.

"మూడేళ్ల పిల్లాడండి. మా యలమంద."

"మగపిల్లలు నలుగురేనమ్మా. అందరూ పదేళ్లు దాటినవాళ్లే."

రెండో కుప్పకేసి చూశాక గుర్తొచ్చింది. కోటప్పకొండ మొక్కు తీరక వాడికింకా పుట్టువెంట్రుకలు తీయించలేదు. ఉప్పెన వచ్చిన రోజు ఉదయం నేనే జడ వేసి, ముచ్చటపడి మేనకోడలి గౌను తొడిగాను.

"ఆడపిల్లల్లో మూడేళ్లవాళ్లున్నారాండి?"

మాస్టారు ఆ కుప్పంతా తిరగేశారు. "ఒక్కతే. పేరు చెప్పదు. గౌను మార్చబోతే కరుస్తోంది."

"మావాడేనండి."

వాడొచ్చి నా కొంగు పట్టుకుని వదల్లేదు. మాస్టారు చీటీని ఇవతలి కుప్పలో వేసి, మగపిల్లలు ఐదుగురని దిద్దుకున్నారు.