ఒకే మూసలో కరిగిన బంగారం

కుంపటి ఆర్పకుండానే పని వదిలేసి వచ్చి, బంగారం పనివాడు లాయరమ్మ గది బయట గంటన్నర కాచుకున్నాడు. పిలుపొచ్చాక లోపలికి వెళ్ళి తలుపు తనే దగ్గరికి వేశాడు.

"నా సంగతి కాదమ్మా. స్నేహితుడిది. బయటికి పొక్కకూడదు."

"పొక్కదు. చెప్పండి."

ఆ స్నేహితుడి తమ్ముడు తాపీ పని చేస్తూ పరంజా మీద నుంచి పడి చనిపోయాడట. అతను బతికుండగానే మరదలి చేతి గాజులు నాలుగూ భద్రంగా ఉంటాయని స్నేహితుడి తల్లి అడిగి తీసుకుందట. తమ్ముడు పోయాక ఆర్నెల్లు ఆగి స్నేహితుడు ఆ గాజుల్నీ, తన పెళ్ళాం పుట్టింటి గొలుసునీ ఒకే మూసలో కరిగించి, పెళ్ళానికి హారం చేశాడట. ఇప్పుడు మరదలు కుట్టుమిషను కొనుక్కుని వేరే గదిలో బతుకుతానంటోంది, గాజులిమ్మంటోంది. కలిసిపోయిన బంగారంలో ఎవరిదేదో ఎలా తేలుతుందని అతని అనుమానం.

ఆ గాజులు ఎవరు పెట్టారని లాయరమ్మ అడిగింది. కన్నతండ్రి, అన్నాడు.

"అయితే ఆవిడవే. కరిగించినా ఆవిడవే. అంత బంగారం తిరిగివ్వాల్సిందే. తూకం ఎంతో తెలుసా?"

"నలభై రెండు గ్రాములు" అనేశాడు చటుక్కున.

"మీ స్నేహితుడి ఇంటి గాజుల లెక్క మీకు బాగానే గుర్తుంది" అంది లాయరమ్మ, నవ్వకుండా.

అతను తల వంచుకుని బయటపడ్డాడు. మరదలి తండ్రి తెచ్చిన బంగారంతో ఆ గాజులు చేసినవి ఈ చేతులే. పరాయివాళ్ళ నగ ఆకురాయితో రుద్దితే రాలిన పొడి కూడా ఊడ్చి తిరిగిచ్చే మనిషని వీధిలో పేరు. ఇంట్లోనే చెయ్యి వంకరపోయింది. ఊరందరికీ నగలు చేస్తూ ఇరవయ్యేళ్ళలో పెళ్ళానికి చేసింది ఆ ఒక్క హారమేనని తనకు తాను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి మరదలి తండ్రి వచ్చి ఉన్నాడు. ఏం చెప్పాలో తల్లి పొద్దున్నే నేర్పి పెట్టింది: గాజులు తమ్ముడే బతికుండగా అమ్ముకున్నాడు. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా.

ముసలాయన ఎవరినీ నిలదీయలేదు. అతనికేసి తిరిగి, "నువ్వు ఒక్క మాట చెప్పు నాయనా. నీ మాట మీద వెళ్ళిపోతాం" అన్నాడు.

"చెప్పరా" అంది తల్లి. "తమ్ముడే అమ్ముకున్నాడని చెప్పు."

అతను తల అడ్డంగా తిప్పాడు.

"వాడు అమ్మలేదమ్మా. నేనా మాట అనను."

గడప దగ్గర నిలబడ్డ మరదలు నెమ్మదిగా అడిగింది.

"మరి ఎక్కడున్నాయి, బావగారూ?"

అతను భార్యకేసి చూడలేదు. చూస్తే చెప్పేసినట్టే. నేలకేసి చూస్తూ, నలభై రెండు గ్రాములని చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాడు. పొయ్యి దగ్గర అతని భార్య పైటకొంగు హారం మీదికి లాక్కుని, రెండు చేతులూ మెడ చుట్టూ వేసుకుంది.