మూడో ప్రకటన

ఇమ్మానుయేలు సగం అన్నం ఉండగానే కంచంలో చెంబెడు నీళ్ళు వంపి లేచిపోయాడు. పప్పులో ఉప్పు తక్కువైందన్నమాట. ఆ మాట నోటితో అనడం ఆయన పద్ధతి కాదు. నీళ్ళు పోస్తాడు, తువ్వాలుతో మూతి తుడుచుకుంటాడు, పోతాడు. నీళ్ళలో తేలే మెతుకులు చూసి ఏం తక్కువైందో, ఏం ఎక్కువైందో కనిపెట్టుకోవలసిన పని భార్య లూదియాది. పెళ్ళయి పదకొండేళ్ళయింది కనుక ఆ విద్యలో ఆమె ఆరితేరింది. బడిలో గదినిండా పిల్లలకు అఆలు దిద్దించి వచ్చిన మనిషి, ఇంట్లో ఎంగిలి కంచాలు చదువుకుంటూ ఉండిపోయింది.

అట్లాగని ఆయన చెడ్డవాడని ఆళ్ళగడ్డలో ఎవరైనా అంటే వాళ్ళ కళ్ళు పోతాయి. తాలూకాఫీసులో గుమాస్తా. ఆదివారం చర్చిలో హార్మోనియం ముందు కూర్చుని గొంతెత్తితే ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయన నోరు ఊరికి మంచిదే, ఇంటి దాకా మాత్రం రాలేదు.

నంద్యాల చర్చిలో ఆ గొంతు వినే లూదియా ఆయన్ను చేసుకుంది. టీచరు ట్రైనింగు అప్పుడే అయిపోయింది, ప్రైవేటుగా బి.ఏ. కట్టాలని ఆశ. "చదువు యాడికి పోతాది? పెండ్లయినాక చూస్తాం లే" అన్నాడాయన, అదే తీయని గొంతుతో. పెళ్ళయ్యాక ఆ గొంతులోంచి ఆమెకు దక్కింది "ఏందీ?" ఒక్కటే. నీళ్ళు కాగినాయంటే ఏందీ, పిల్లోడికి జ్వరమంటే ఏందీ, పరీక్ష ఫీజుకు శుక్రవారం ఆఖరంటే ఏందీ. ఆ శుక్రవారం దాటిపోయింది, ఆ తర్వాతి సంవత్సరాలూ దాటిపోయాయి.

తనకు జరిగినదానికి ఏమని పేరు పెట్టాలో ఆమెకు తెలియలేదు. మోసం అనడానికి లేదు, ఆయన ఏదీ దాచలేదు. కష్టం అందామంటే, తాగొచ్చి తన్నే మొగుళ్ళున్న ఆడవాళ్ళు వీధిలో ఇంటికొకరున్నారు, ఆ మాట వాళ్ళకే చాలడం లేదు. ఒకసారి గోస్పాడులో తల్లి దగ్గర నోరు తెరవబోతే, "తాగడు, కొట్టడు. ఇంకేం కావాల్నే నీకు?" అంది ఆమె. నిజమే. ఆశపడ్డాను, అది రాలేదు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతికి ఏడిస్తే ఓదార్చేదెవరు? లూదియా సాయంత్రం బస్సుకు తిరిగొచ్చింది.

మాటలకు కరువు లేని చోటు ఒకటుంది. బుధవారం చర్చిలో జరిగే స్త్రీల కూటం. వంతు వచ్చినవాళ్ళు లేచి, దేవుడు తమకు చేసిన మేళ్ళు సాక్ష్యం చెప్పాలి. మేళ్ళే చెప్పాలి. ఇంకేదైనా మొదలుపెడితే "ప్రార్థన చేద్దాం లేమ్మా" అని కూర్చోబెడతారు. ఆ యేడు, డెబ్బై తొమ్మిదిలో, ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాల్లో లూదియా వంతు వచ్చింది. ఆ రోజే రుద్రవరం నుంచి రూతు తన కూతురు కృపావతిని వెంటబెట్టుకొని వచ్చింది. లూదియా మరిది ఆనందరావుకు ఆ పిల్లను అడుగుతున్నారు. "బాగా చెప్పు మే, ఆ పిల్ల వింటాంటాది" అని అత్త రాజరత్నమ్మ చెవిలో వేసింది.

లూదియా బాగానే చెప్పింది. భర్త ద్వారా దేవుడు నాకు ఏ కొదవా రానీయలేదంది. మా ఇంట్లో ఒక్క గట్టి మాట వినపడదంది. అందులో అబద్ధం కూడా లేదు, ఆ సాక్ష్యంలోని పాపమంతా అదే.

కూటం అయ్యాక కృపావతి వచ్చి చేయి పట్టుకుంది. "అక్కా, నంద్యాలలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది నాకు. పోవాల్నా, పెండ్లి చేసుకోవాల్నా అని తలకాయ పగలగొట్టుకుంటాంటి. నీ సాక్ష్యం విన్నాక భయం పోయింది. ట్రైనింగు సంగతి పెండ్లయినాక చూస్తాం లే అన్నాడు ఆనందరావు. చూస్తాడు గదా?"

"చూస్తాడు లే" అంది లూదియా.

ఎందుకన్నావని నిలదీసేవాళ్ళు ఎవరూ లేరు గాని, ఆమె తనను తాను అడుగుతూనే ఉంది. జవాబూ తెలుసు. ఆ క్షణాన కృపావతి మొహం ఆమెకు కనపడలేదు. రెండు గట్టి చేతులు కనపడ్డాయి. ఆ చేతులు సంగటి కెలుకుతాయి, బిందెలు మోస్తాయి, అత్త కాళ్ళు పిసుకుతాయి. బడి నుంచి వచ్చి తాను కాసేపు నడుం వాల్చవచ్చు. మెడ మీది కాడి దించుకోలేక, దానికి ఇంకొకరిని జోడు చూసుకుంది లూదియా.

ఎండాకాలంలో సంబంధం ఖాయమైంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు చర్చిలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండంటారు. పిల్లవాడికి ఇంకో పెళ్ళాం ఉంటేనో, తాగుబోతయితేనో చెప్పాలి గాని, మా ఇంటి మగవాళ్ళు అన్నంలో నీళ్ళు పోస్తారయ్యా అని ఎవరైనా చెబుతారా? రెండు ఆదివారాలు ఆమె తల వంచుకొని కొంగు మెలిపెట్టింది. రుద్రవరం పోయి ఆ పిల్లతో చెబుదామంటే, పని లేకుండా బస్సెక్కనిచ్చేదెవరు?

శనివారం పిండి రుబ్బుతుంటే రాజరత్నమ్మ ప్రేమగానే అంది. "ఇంకొన్ని దినాలు ఓర్చుకో మే. ఆ పిల్ల వచ్చినాక నీకు పని తప్పుతాది."

అప్పుడే నడవలో ఆనందరావు కంచంలో నీళ్ళు వంపి లేచాడు.

"అన్నకు తగ్గ తమ్ముడు" అని నవ్విందామె.

లూదియాకు ఏడుపొచ్చింది. తనకోసం ఏడవడం ఎప్పుడో మానేసింది. ఇది సిగ్గుతో వచ్చిన ఏడుపు. ఇన్నేళ్ళూ మోసం అనే మాట తన ఇంటికి సరిపోదనుకుంది. ఇప్పుడు సరిపోయింది, మోసం చేసింది మాత్రం తాను.

మూడో ఆదివారం, పెళ్ళి బట్టలు తీసే పని ఉండి రూతూ కృపావతీ ఆళ్ళగడ్డ చర్చికే వచ్చారు. కృపావతి లూదియా పక్కన చాప మీద కూర్చుంది. "ట్రైనింగులో చేరేదానికి రేపు ఆఖరంట అక్కా. పోనీలే" అంది గుసగుసగా, నవ్వుతూనే. ఇమ్మానుయేలు పాడాడు. ఆ గొంతు ఇప్పటికీ బాగుందని ఒప్పుకోవాలి. అయ్యగారు పేర్లు చదివి, ఇది మూడవ ప్రకటన అని, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చని అలవాటుగా అని, పేజీ తిప్పబోయారు.

లూదియా లేచి నిలబడింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ అనుకుంది.

"ఏమ్మా లూదియా, అభ్యంతరమా?" అన్నారు అయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"ఏందీ?" అన్నాడు ఇమ్మానుయేలు హార్మోనియం దగ్గరనుంచి. ఇంట్లో గొంతు చర్చిలో వినపడటం అదే మొదలు.

"ఆనందరావు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదయ్యగారూ. కూటంలో నేను చెప్పిన సాక్ష్యం మీద ఉండాది. ఈ పిల్ల వస్తే నాకు ఇంట్లో పని తప్పుతాదని చెప్పిన సాక్ష్యం అది. దాన్ని నమ్మి ఈ పిల్ల సీటు వదులుకుంటాంది."

 కృపావతి వైపు తిరిగింది.

"పాపా, నాకూ పెండ్లయినాక చూస్తాం లే అన్నారు. ఇంతవరకూ ఎవురూ చూడల్యా."