మ్యాగ్‌పై చెట్టు కింద బండి

మూడోసారి తగిలినప్పుడు గ్లెనిస్ పరుగెత్తలేదు.

మొదటి రెండుసార్లూ పరుగెత్తింది. ఉతికిన దుప్పట్ల బుట్ట గడ్డిలో వదిలేసి, తాను కాపురముండే మోటార్ హోమ్ బండి మెట్లెక్కి తలుపు వేసుకుంది. ఈసారి వెనకనుంచి రెక్కల చప్పుడు వినబడింది, కుడి చెవి చురుక్కుమంది, మెడ మీదికి వెచ్చగా నెత్తురు జారింది. ఆమె బుట్టను గట్టిగా పట్టుకుని అదే నడక నడిచింది. తీగ దగ్గర నిలబడి ఒక్కొక్క దుప్పటే దులిపి ఆరేసింది. నల్లటి ఒళ్లు, తెల్లటి మెడ ఉన్న మ్యాగ్‌పై పిట్ట, నీలగిరి జాతి గమ్ చెట్టు కొమ్మ మీద కూర్చుని, ఇంకా అయిపోలేదన్నట్టు ముక్కును బెరడుకేసి రుద్దుకుంటోంది.

"నా చెవి నీకేం అపకారం చేసిందిరా?" అంది గ్లెనిస్ పైకి చూస్తూ. "పొడువు. ఎంతసేపు పొడుస్తావో పొడువు. నేను మాత్రం ఇకమీదట పరుగెత్తను."

పక్క సైటులో తన బండి ముందు కుర్చీ వేసుకుని టీ తాగుతున్న రోండా పకపకా నవ్వింది. "పిట్టతో మాట్లాడ్డం మొదలుపెట్టావా? ఇక నీ పని అయిపోయినట్టే."

రోండా దగ్గర దానికి మందు సిద్ధంగా ఉంది. పెద్ద ఐస్‌క్రీం డబ్బా, దాని వెనకవైపు నల్లరంగుతో గీసిన రెండు కళ్లు. సెప్టెంబరులో వసంతం వచ్చి గూళ్లలో పిల్లలు లేచాయంటే, ఇలాంటి బండ్లు నిలుపుకుని ఉండే ఆ నది ఒడ్డు పార్కులో సగంమంది నెత్తిన అవే. తనవైపు చూస్తున్న మనిషి మీదికి మ్యాగ్‌పై సాధారణంగా దిగదు.

"పెట్టుకో గ్లెనిస్. సిగ్గెందుకు? నేను పెట్టుకుంటే మా ఆయన ఫోటో తీసి అందరికీ పంపాడు."

"ఈ వయసులో డబ్బా బోర్లించుకుని స్నానానికి పోవాలా?"

"పోనీ రోజూ ఓ చిటికెడు ఖైమా వెయ్యి. మొహం గుర్తుపెట్టుకుంటుంది. మనదేలే అని వదిలేస్తుంది."

"అంటే లంచం ఇచ్చి బతకమంటావు."

"బతకమంటున్నాను, అంతే. నీతో వాదించడం నావల్ల కాదు తల్లీ."

ఆ సాయంత్రం పార్కు చూసుకునే ట్రెవర్ వచ్చాడు. తలుపు దగ్గరికి రాకుండా దూరంగా, చెట్టు నీడ దాటి నిలబడ్డాడు. "మీ చెవి సంగతి విన్నాను. ఊరి కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే వచ్చి పట్టుకుపోతారు. లేదంటే మిమ్మల్నే ఆ గట్టు మీది సైటుకు మారుస్తాను. అక్కడ ఏ గొడవా ఉండదు."

"దానికి గూట్లో పిల్లలున్నాయి ట్రెవర్. ఎవరూ దాన్ని ఎక్కడికీ పట్టుకుపోవద్దు. నన్ను కూడా."

ట్రెవర్ తల గోక్కున్నాడు. "మరి ఎలాగండీ?"

"ఇలాగే. నేనెప్పుడు కదలాలో నాకు తెలుసు."

నిజానికి ఆమెకు తెలియదు. ఆ బండిని అక్కడ పెట్టింది ఆమె భర్త క్లైవ్. చలికాలానికి ముందు, బండి ముందు అద్దం నదికి ఎదురుగా ఉండేలా, చెట్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య సందులో దూర్చాడు. పొద్దున్నే పడకలోంచి నీళ్లు కనబడాలన్నాడు. కనబడ్డాయి కూడా. ఆ దేశంలో జూన్ అంటే చలికాలం; ఆ చలిలో ఒక ఉదయం టీ తెస్తానని లేచి, తేలేదు. ఆ తర్వాత బండి కదలలేదు.

క్లైవ్ అంత్యక్రియల వారంలో మరిది నెవిల్ చెప్పాడు: సెప్టెంబరు ఆఖర్లో వచ్చి బండి తీసుకెళ్తాను, అమ్మేద్దాం, మా ఇంటి వెనక గది ఖాళీగానే ఉంది, నువ్వు అందులో ఉందువుగాని. గ్లెనిస్ సరే అంది. ఆ వారం ఎవరేం అడిగినా సరే అనేది. ఇప్పుడు ఆ గది తలుచుకుంటే ఊపిరాడటం లేదు. తాను, క్లైవ్ కలిసి పడమటికి పోవాలనుకున్నారు, చెట్టు అనేది లేని ఆ మైదానం దాటి, అవతలి సముద్రం దాకా. ఆమెకు ఇప్పటికీ పోవాలనే ఉంది. కానీ ఆ బండిని ఆమె ఎన్నడూ వెనక్కి తీయలేదు.

ఇలాంటి పార్కుల్లో బండి వెనక్కి తీయడం ఒకరి పని కాదు. ఒకరు స్టీరింగ్ దగ్గర, ఒకరు వెనక నిలబడి చేతులు ఊపుతూ ఉండాలి. అది జరుగుతున్నంతసేపూ చుట్టూ కుర్చీల్లో ఉన్నవాళ్లు బీరు కింద పెట్టి చూస్తారు. ఒక్క మాట అనరు. అన్నీ చూస్తారు. వాళ్లిద్దరిలో స్టీరింగ్ క్లైవ్‌ది, కరెంటు తీగ ఊడదీయడం, నీళ్ల గొట్టం చుట్టడం క్లైవ్‌వి. వెనక నిలబడటం గ్లెనిస్‌ది. ఆమె అరచేయి పైకెత్తిందంటే బండి ఆగిపోవాల్సిందే. ఎన్నడూ ఆగకుండా ఉండలేదు.

గురువారం రోండా, "నేను నిలబడతాను, నువ్వు తియ్యి" అంది. డబ్బా బోర్లించుకుని, బండి వెనక, సరిగ్గా గూటి కింద నిలబడింది. గ్లెనిస్ ఇంజను వేసి, రివర్స్ గేరులో పెట్టింది. బండి ఒక మూర కదిలిందో లేదో మ్యాగ్‌పై పక్కనుంచి దూసుకొచ్చి డబ్బాను ఎగరగొట్టింది. రోండా పెట్టిన కేకకు నది అవతలి గట్టు మీద కుక్కలు మొరిగాయి. ఉలిక్కిపడ్డ గ్లెనిస్ కాలు బరువుగా పడింది. రోండా పక్కకు దూకింది, బండి ఒక్క ఊపున వెనక్కి పోయింది, ఫట్‌మని చప్పుడై లోపల ఫ్రిజ్ ఆగిపోయింది.

కరెంటు తీగ. స్తంభానికి పెట్టిన తీగ తీయకుండానే బండి నడిపింది. పార్కుల్లో పదేళ్లయినా చెప్పుకుని నవ్వుకునే తప్పు అది. కుర్చీల్లో ఎవరూ నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ఆమె బండిని మళ్లీ ముందుకు, పాతచోటికే తెచ్చింది. ట్రెవర్ వచ్చి తెగిన తీగ తీసి కొత్తది పెట్టి వెళ్లాడు.

రాత్రి భోజనం వేళకు నెవిల్ ఫోన్ చేశాడు. "రోండా అంతా చెప్పింది గ్లెన్. శనివారం వస్తున్నాను. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకు, సరేనా?"

గ్లెనిస్ సరే అనలేదు. గుడ్‌నైట్ అని పెట్టేసింది.

"మంచికే చెప్పాను" అంది మర్నాడు రోండా, చూపు తప్పించుకుంటూ.

"మంచికేలే. అందరూ మంచికే."

శనివారం ఉదయం నెవిల్ వచ్చి తన కారు దిగి, రెండు చేతులూ చాచి ఆమెకేసి నాలుగడుగులు వేశాడు. మ్యాగ్‌పై అతని బట్టతల మీద దిగింది. అతను వచ్చిన దారినే వెనక్కి పోయి, తలుపు వేసుకుని, అద్దం వేలెడు దించాడు. "అబ్బ! ఏం పిట్ట ఇది! నెత్తురొచ్చింది చూడు. గ్లెన్, తాళాలు ఇటు విసురు. ముందు దాన్ని తోలమను ఎవరినైనా!"

"తోలితే పోదు."

"అయితే అది నిద్రపోయేదాకా ఇక్కడే కూర్చుంటాను. బండి మాత్రం నేనే తీస్తాను."

"వద్దు. నేను తీస్తున్నాను."

"నువ్వు సరే అన్నావు గ్లెన్!"

"అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను."

ఆమె చెట్టు కిందికి నడిచింది. కరెంటు తీగ ఊడదీసి చుట్టింది. పక్షి వచ్చి భుజాన్ని రాసుకుపోయింది. నీళ్ల గొట్టం తీసింది. మళ్లీ వచ్చింది. గ్యాస్ కట్టేసి, మెట్టు లోపలికి మడిచింది. క్లైవ్ పనులన్నీ పైకి వినబడేలా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ చేసింది. తర్వాత తన పని మొదలుపెట్టింది. వెనక్కి వెళ్లి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడి, చెట్టు ఎంత దూరమో, స్తంభం ఎంత దూరమో చూసింది. నెత్తిన ముక్కు తగిలింది. కళ్లు మూసుకోలేదు.

స్టీరింగ్ దగ్గర కూర్చుని కొంచెం వెనక్కి తీసింది. ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసి వచ్చింది. మళ్లీ కొంచెం. దిగిన ప్రతిసారీ పక్షి తన పని తాను చేసింది, ఆమె తన పని తాను చేసింది. పక్క అద్దంలో తాను నిలబడే చోటు ఖాళీగా కనబడుతోంది. అరచేయి ఎక్కడ పైకెత్తేదో అక్కడే బ్రేకు తొక్కింది. కుర్చీల్లో ఒక్కరూ బీరు ముట్టుకోవడం లేదు.

సగం బయటికొచ్చాక గరుక్కుమంది. స్తంభానికి తగిలి వెనక దీపం గాజు పగిలి గడ్డిలో పడింది.

"చూశావా!" నెవిల్ కారు అద్దంలోంచి అరిచాడు. "నేను చెప్పలేదూ?"

గ్లెనిస్ దిగి, ఎర్రటి పెంకులు ఏరి చెత్తబుట్టలో వేసింది. "చూశాను నెవిల్. దీపం నాది. నేనే పగలగొట్టుకున్నాను. రెండోది బాగానే ఉంది."

ఎక్కి, స్టీరింగ్ కొంచెం తిప్పి, మళ్లీ తీసింది. బండి తోక చెట్టు దాటింది, తర్వాత పొట్ట దాటింది. ముందు అద్దంలో ఉన్న నది పక్కకు జరుగుతూ జరుగుతూ పోయింది. గ్లెనిస్ గేరు మార్చింది.

కుర్చీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. రోండా డబ్బా తీసి ఊపింది. నెవిల్ కారు దిగి, తల రెండు చేతులతో కప్పుకుని గేటు దాకా పరుగున వచ్చాడు.

"ఎక్కడికి గ్లెన్?"

"పడమటికి."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

అతను ఆమె కిటికీ అంచు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అచ్చం అన్న ముక్కే అతనిది. "అన్నయ్య ఉంటే..." అని ఆగిపోయాడు.

"ఉంటే తీగ తను తీసేవాడు. చేయి తియ్యి నెవిల్. చేరాక ఫోన్ చేస్తాను."

గేటు ఎత్తుతూ ట్రెవర్ వంగి చూశాడు. "ఆ దారిలో రాత్రికి మీరు ఆగే ఊళ్లో మా తమ్ముడి పార్కుంది. ముందునుంచి దూరి అలాగే ముందుకు పోయే సైటు ఉంచమని ఫోన్ చేయనా? మీకు రివర్స్ పని ఉండదు."

గ్లెనిస్ చెవి మీద ఎండిన నెత్తురు గోటితో గీకేసింది.

"వద్దు ట్రెవర్. రివర్స్ చేసి పెట్టుకునేదే ఉంచమను."