ఖాళీ బోణీ

నేను ఒక కాగితాన్ని. అలా అనగానే ప్రేమలేఖనో, పొలం పట్టానో అనుకోకండి. ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తెరలనూ గుడ్డలనూ ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ అనే మిషన్ ఉంటుంది. దానికి రోజూ పొద్దున్నే పెట్టే పరీక్ష కాగితాన్ని. నా ఒంటినిండా లేతపసుపు సిరా గీతలు. మిషన్ లోపలి గాలినంతా బయటికి లాగేస్తేనే ఆవిరి మూలమూలకూ చేరుతుంది, నేను నిండా నల్లబడతాను. గాలి మిగిలిన చోట పాలిపోయే ఉంటాను. పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో, ఉద్యోగం మూడున్నర నిమిషాలు. ఆ కాసేపు నిజం చెప్పనిస్తే చాలు, ఇంకేమీ అడగను.

మమ్మల్ని ముప్పైమందిని ఒకే పెట్టెలో పెట్టి గోదావరి పక్క ఊళ్లోని ఒక ఆసుపత్రికి పంపారు. అక్కడ మిషన్ తిప్పేది దొరబాబు. మంచివాడే, ఆ మంచితనంతోనే మా కొంప ముంచాడు. నన్ను తువ్వాళ్ల మూట మధ్యలో పెట్టి, ఆ ఒక్క మూటనే ఖాళీ మిషన్‌లో ఉంచాలి. గాలి కాస్త మిగిలినా అది నా దగ్గరికే చేరి పట్టుబడుతుంది. పక్కన పది మూటలుంటే అవి తలా ఇంత పంచుకుంటాయి, నా వాటాకి ఏమీ రాదు. ఈ సంగతి పెట్టె మీద రాసే ఉంది. చదివితేగా! దొరబాబుకి ఖాళీ బోణీ అంటే గిట్టదు. "పొద్దున్నే ఖాళీగా తిప్పితే రోజంతా కలిసిరాదండి, ఆయ్" అంటూ థియేటర్ గుడ్డలన్నీ కుక్కేవాడు. నా ముందు పద్దెనిమిది మంది వెళ్లారు, పద్దెనిమిది మందీ నిగనిగలాడుతూ నల్లగా తిరిగొచ్చారు. అందరి కిందా "పాస్" అని రాసి రిజిస్టర్లో అంటించాడు. మిషన్ తలుపు రబ్బరు చిట్లి గాలి లోపలికి పీలుస్తున్న చప్పుడు పెట్టెలో ఉన్న నాకే వినిపించేది. చెప్పడానికి నోరా ఏమన్నానా?

ఇంతలో సిజేరియన్ అయిన ముగ్గురు తల్లులకు కుట్లు చీము పట్టాయి. థియేటర్ ఇన్‌చార్జి కరుణమ్మ సిస్టర్ రిజిస్టర్ తిరగేసింది, అంతా నలుపే. దాంతో చేతులు సరిగా కడగడం లేదని ఆయాల మీద విరుచుకుపడింది. వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నా వంతు వచ్చిన రోజునే దొరబాబు మేనకోడలు లోవకుమారి సిజేరియన్‌కి చేరింది. అతను మామూలుకంటే నాలుగు మూటలు ఎక్కువే తెచ్చాడు. అప్పుడే సిస్టర్ లోపలికొచ్చింది.

"ఏంటయ్యా అవన్నీ? టెస్టుకి ఒక్క మూటే కదా!"

"ఇయ్యాల మా కుమారి ఆపరేషనండి. ఇయ్యాల కూడా ఖాళీ బోణీ వద్దండి బాబూ."

"ఇవాళ కూడా ఏంటి? రోజూ ఇలాగే తిప్పుతున్నావా?"

"ఆయ్."

సిస్టర్ మూటలన్నీ తనే బయటికి లాగేసి, నా ఒక్క మూటనే లోపల పెట్టించింది. తీసి విప్పేసరికి నా చుట్టూ నలుపు, నడుమ రూపాయి బిళ్లంత పసుపు.

"బొట్టెట్టినట్టుందండి. శుభమేనండి" అన్నాడు దొరబాబు.

తల ఉంటే గోడకేసి కొట్టుకునేదాన్ని.

"అది గాలయ్యా. అక్కడికి ఆవిరి పోలేదు. ఇందులోంచి తీసిన కత్తెరే మీ కుమారికి వాడేవాళ్లం."

అతను ఆ మూటల మధ్యే కూలబడ్డాడు.

మిషన్‌కి తాళం పడింది. పక్క బ్లాకు నుంచి తెచ్చిన సామానుతో కుమారికి ఆపరేషన్ చేశారు, తల్లీబిడ్డా క్షేమం. తలుపు రబ్బరు మార్చారు. నేను రిజిస్టర్లో పంతొమ్మిదో పేజీకి చేరాను. నిజం చెప్పిన కాగితమని కొత్త నర్సులకు నన్ను చూపిస్తారు. చిరాకేస్తుంది. ఒంటరిగా పంపి ఉంటే నా ముందు పద్దెనిమిది మందీ ఇదే చెప్పేవాళ్లు. దొరబాబు ఇప్పుడు రోజూ ఖాళీ బోణీయే చేస్తున్నాడు, తలుపు వేసేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని. వార్డులో ఆ ముగ్గురు తల్లులకీ ఇంకా కట్లు మారుస్తూనే ఉన్నారు.