గాజు మీది పేర్లు

పోసవ్వ గొంతులో పుండు లేచింది. హైదరాబాదులో కోత పెట్టి స్వరపేటికను తీసేస్తారని తెలిసిన వారంలోనే కూతురు సింధుజ ఆమెను నస్రుల్లాబాద్ నుంచి బాన్సువాడకు తెచ్చి, పండరి రికార్డింగు గదిలో కూర్చోబెట్టింది. పోసవ్వ నోట తప్ప మరెక్కడా వినిపించని నాట్ల పాట ఒకటుంది. దాన్ని దాచుకోవాలని సింధుజ తాపత్రయం.

పాత మిక్సరు మీద చేయి తిరిగిన పండరికి ఆ ఏడాదే కంప్యూటరు వచ్చింది. తెర మీద మిక్సరు బొమ్మ కూడా అచ్చం పాతదానిలాగే కనబడింది: పక్కపక్కనే నిలువు పట్టీలు, ఒక్కో పట్టీలో ఒక గొంతో వాద్యమో, దాన్ని హెచ్చించి తగ్గించే మీట. పాత అలవాటు కొద్దీ ప్లాస్టరు ముక్కల మీద పేర్లు రాసి, తెర అడుగున గాజుకే అంటించాడు. మొదటిది రొద, అంటే పాటకు ముందు పట్టిన ఉత్త గది చప్పుడు; రెండోది డోలక్, మూడోది పోసవ్వ పాట. పెళ్లిళ్ల కాలం వచ్చి కంప్యూటరులో చోటు చాలనప్పుడు, ‘రొద’ పైనున్న పట్టీని వినకుండానే తుడిచేశాడు.

కోత మానాక తల్లీకూతుళ్లు వచ్చారు. పండరి పాట పెట్టాడు. గది రొదలో డోలక్ ఒక్కటే మోగింది.

“డోలక్ మస్తుగున్నది గని, మామా, మా అవ్వ ఏడవోయింది?” అని సింధుజ నవ్వింది.

“ఆగు బిడ్డా, గా పట్టీ మూసి ఉన్నట్టుంది.”

వెతుకుతూ పండరి తెర అడుగునున్న సన్నని కడ్డీని పక్కకు లాగాడు. పట్టీలన్నీ ఒక్కసారిగా జరిగాయి. పేర్లు మాత్రం గాజు మీద ఉన్నచోటే ఉన్నాయి. తుడిచిన నాడు కూడా పట్టీలు జరిగే ఉన్నాయని, ‘రొద’ పైకి వచ్చి నిలిచింది పోసవ్వ గొంతేనని అప్పుడు అతనికి అర్థమైంది.

“ఏంది మామా, అట్ల చూస్తున్నవ్?”

“పోయింది బిడ్డా. నేనే తుడిచేసిన. రొద అనుకున్న.”

“మా అవ్వ పాట నీకు రొద లెక్క ఇనవడ్డదా?”

“ఇనలేదు బిడ్డా. ఇంటే తుడుస్తనా?”

మెడకు గుడ్డ చుట్టుకున్న పోసవ్వ కూతురి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. చప్పుడు లేకుండా ఆ నాట్ల పాటకు ఆమె పెదవులు కదలసాగాయి. లయ తెలుస్తోంది, మాట తెలియడం లేదు.

“మొగులా?” అంది సింధుజ, పెదవులను బట్టి పాటలో మాట పోల్చుకోబోతూ. “మొల్కనా? మెల్లగనవే అవ్వా.”

పోసవ్వ తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి కూతురు ఆ పెదవులను చూడలేక కళ్లు దించుకుంది.