ఖాళీ బండి

డీజిలు కొట్టించుకుని ఆసుపత్రి గేటు ముందు నుంచి పోతున్న వెంకటేష్ వ్యానుకి కాంతమ్మ అడ్డం వచ్చింది. చీర కుచ్చిళ్ల నిండా రక్తం, మోచేతుల దాకా సిమెంటు.

"తమ్ముడా, మీ బావ పడ్డాడయ్యా! మూడో అంతస్తు మీంచి. తలకాయకు దెబ్బ. తక్షణం గుంటూరు తీసకపొమ్మంటన్నారు."

ఆమె భర్త అంతోని తాపీమేస్త్రి. కాంతమ్మ అతని పక్కనే సిమెంటు మోస్తుంది. వాళ్లది వెంకటేష్ పక్క వాటా. పొరుగు జిల్లా సముద్రం ఒడ్డున ఆయిల్ బావులు పడ్డాక, అక్కడి ఆయిల్ కంపెనీ క్యాంపు ఉద్యోగుల కోసం నరసరావుపేటలో లాడ్జీలు లేస్తూనే ఉన్నాయి. మేస్త్రి కూలి తొమ్మిది వందల నుంచి పదమూడు వందలైంది. వెంకటేష్ జీతం పన్నెండు వేల నుంచి పద్దెనిమిదికి పెరిగింది. మూడు వేల ఇంటద్దె కాస్తా ఏడున్నర వేలైంది.

ఏడాది కిందటిదాకా ఈ వ్యాను అంబులెన్సే. ఓనరు లక్ష్మీనరసయ్య స్ట్రెచర్ పీకించి, సీట్లు బిగించి, క్యాంపుకి నెలవారీ అద్దెకిచ్చాడు. ఊళ్లో మిగతా వ్యాన్లదీ అదే దారి. ఆసుపత్రి అంబులెన్సు ఇంకో రోగితో అప్పటికే గుంటూరు పోయింది.

వెంకటేష్ ఓనరుకి ఫోన్ చేశాడు.

"రెండింటికి షిఫ్టుందిరా. ఒక్క ట్రిప్పు తప్పితే కాంట్రాక్టు ఊడుద్ది. అప్పుడు నీకు జీతం ఎవడిస్తాడు?" అన్నాడు లక్ష్మీనరసయ్య.

"అక్కా, క్యాంపు వాళ్లని దింపేసి వచ్చేస్తా. ఐదింటికల్లా వస్తా."

"అప్పటిదాకా ఉంటాడంటావా?"

వెంకటేష్ తలుపు పట్టుకున్న ఆమె వేళ్లను మెల్లగా విడిపించి బండి కదిలించాడు. లాడ్జీ ముందు ఇంజనీర్లు భోంచేసి దిగేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. అంతసేపూ అతను ఏసీ వేసుకుని స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు.

తిరిగొచ్చేసరికి ఐదున్నర. అంతోని నాలుగింటికే పోయాడు.

మర్నాడు ఆదివారం, క్యాంపుకి సెలవు. పోస్టుమార్టం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. శవాన్ని సొంతూరు క్రోసూరు చేర్చాలి.

లక్ష్మీనరసయ్య తనే ఫోన్ చేశాడు. "బండి ఖాళీయే గదరా, తీసకపో. మనోళ్లే, నాలుగు వేలు చాల్లే."

వెంకటేష్ సీట్లన్నీ ఒక్కడే విప్పాడు. అడుగున దుప్పటి పరిచాడు. డబ్బు తనే కట్టాలనుకున్నాడు. మార్చురీ ముందు వ్యాను నిలిపి వెనక తలుపు తెరిచాడు.

"అక్కా, బండి తెచ్చా. పైసా ఇవ్వొద్దు."

కాంతమ్మ తెరిచిన తలుపులోకి చూసింది. కళ్లలో తడి లేదు.

"నా మొగుడు ఇందులో ఎక్కడు."

"అక్కా..."

"నిన్న బతికున్నాడు. నిన్న ఎక్కేవాడు."

పని ఆపేసి వచ్చిన కూలీలు ఇటుకల ట్రాక్టరు వెనక్కి తిప్పి నిలబెట్టారు. తొట్టిలో దుమ్ము ఊడ్చి, గోనెలు పరిచారు. వాళ్లు శవాన్ని ఎత్తుతుంటే వెంకటేష్ ఓ చెయ్యి వేశాడు.

"నువ్వు ముట్టుకోమాక," అంది కాంతమ్మ.

అతను చెయ్యి తీసేశాడు. ట్రాక్టరు సత్తెనపల్లి రోడ్డెక్కింది. తొట్టిలో కాంతమ్మ, భర్త తల కుదుపుకి కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.